కరెన్ల బీడులో ఏం పెరుగుతుంది?

థాయ్‌లాండ్ వాయవ్య కొండల్లో, మయన్మార్ ఆగ్నేయాన కరెన్ ప్రజలు చేసే సేద్యం మన తూర్పు కనుమల పోడును గుర్తుచేస్తుంది. ఎండాకాలం మొదట్లో అడవిలో కొంత మేర నరికి, ఆరాక కాలుస్తారు. తొలకరికి కర్రతో గుంటలు పొడిచి కొండవరి వేస్తారు. ఒక్క పంట తీసి ఆ నేలను వదిలేస్తారు. ఆరేడేళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వస్తారు. మధ్యలో ఆ భూమి బయటివాళ్ల కంటికి ఉత్త బీడు. కరెన్ల మొక్కల విద్యలో ముఖ్యమైన భాగం ఆ బీడులోనే ఉందని నా నమ్మకం.

మే హాంగ్ సోన్ రాష్ట్రంలో టీ చా అనే కరెన్ ఊరుంది. 'పడా' చెట్లు దట్టంగా మొలిచిన బీడులో వరి బాగా పండుతుందని అక్కడి రైతుల అనుభవం. శాస్త్రవేత్తలు ఆ చెట్టును మకరంగ డెంటిక్యులేటా అంటారు. చియాంగ్ మాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు పొలాలకు వెళ్లి చూస్తే, పడా పలచగా ఉన్నచోట కంటే దట్టంగా ఉన్నచోటే దిగుబడి ఎక్కువని తేలింది. కారణం వేళ్ల దగ్గరుంది. అక్కడి మట్టిలో ఆమ్లగుణం ఎక్కువ, మొక్కకు అందే భాస్వరం చాలా తక్కువ. పడా వేళ్లలో మైకోరైజా శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. వాటి సన్నటి పోగులు వేరు చొరలేని సందుల్లోకి పాకి భాస్వరం తెచ్చిస్తాయి, బదులుగా చెట్టు చేసిన చక్కెర పుచ్చుకుంటాయి. ఏళ్ల తరబడి ఆకుల్లో, కొమ్మల్లో చేరిన పోషకాలు చెట్టు కాలాక బూడిదలో వరికి అందుతాయి. ఎరువుల బస్తా ఎక్కలేని కొండ మీద ఇది ఎంత పెద్ద ఆసరానో ఆలోచించండి.

వరి మధ్యలోనే గుమ్మడి, దోస, నువ్వులు, చేమ, మిరప, మన గోంగూర కూడా పెరుగుతాయి. చిన్నగా, ఘాటుగా ఉండే 'కరెన్ మిరప'కు థాయ్ బజార్లలో మంచి గిరాకీ.

వాటితో పాటు ఒక గడ్డిజాతి మొక్కనూ పెంచుతారు. దాని పేరు కోయిక్స్, మొక్కజొన్నకు దగ్గరి బంధువు. దాని గింజ చుట్టూ పింగాణీలా నున్నగా మెరిసే గట్టి పెంకు ఉంటుంది. ఆ పెంకు నిజానికి గట్టిపడిన ఆకుతొడుగే. లోపలి నుంచి పూకాడ బయటికొచ్చిన దారి అలాగే మిగిలిపోతుంది కాబట్టి గింజను పూసగా గుచ్చడానికి బెజ్జం వేసే పనే లేదు, సూది తిన్నగా దూరిపోతుంది. స్గా కరెన్ తెగలో పెళ్లికాని అమ్మాయిలు తెల్లటి పొడవాటి అంగీ వేసుకుంటారు. పెళ్లయినవాళ్ల నల్ల రవిక మీద ఈ తెల్ల పూసలు వరసలుగా కుట్టి ఉంటాయి.

తెగిన గాయానికి క్రోమోలీనా అనే మొక్క ఆకు నలిపి పెడతారు. ఆ ఆకు రసానికి రక్తం గడ్డకట్టించే గుణముందని ప్రయోగశాలల్లోనూ కనిపించింది. ఆ మొక్కా, మిరపా రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. కొత్త మొక్క వస్తే దాన్నీ పరీక్షించి తమదిగా చేసుకున్నారు.

బిడ్డ పుడితే బొడ్డుతాడును వెదురు గొట్టంలో పెట్టి ఒక చెట్టుకు కడతారు. ఆ చెట్టు మీద ఇక ఎవరూ గొడ్డలి వేయరు.

ఈ పద్ధతి మొత్తం బీడుకు దొరికే గడువు మీద నిలబడి ఉంది. ఏడేళ్లు మూడేళ్లయితే పడా ఎదగదు, నేల కోలుకోదు. జాతీయ పార్కుల హద్దులు గీసినచోట జరుగుతున్నది అదే. 2010లో థాయ్ మంత్రివర్గం కరెన్ల సేద్యాన్ని కాపాడాలని తీర్మానించింది. మరుసటి ఏడాదే కేంగ్ క్రచాన్ అడవిలో అధికారులు కరెన్ల ఇళ్లు తగలబెట్టారు. 2021లో కొందరు పాత పొలాలకు తిరిగి వెళ్లి సాగు మొదలుపెడితే అరెస్టు చేశారు.