విషం చదువు ఒక విభాగంలో, రోగి మరో విభాగంలో

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి పాయిజన్ కేసు వస్తే చికిత్సతో పాటే ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) రాయాలి, పోలీసులకు కబురు పంపాలి. రోగిని వార్డులో చూసేది ఎక్కువగా జనరల్ మెడిసిన్ వాళ్లు. అయితే విషాల గురించి ఆ డాక్టర్లు ఎంబీబీఎస్‌లో ప్రధానంగా చదివింది పోస్టుమార్టం చేసే విభాగంలో. సబ్జెక్టు పేరే ‘ఫోరెన్సిక్ మెడిసిన్ అండ్ టాక్సికాలజీ’. టాక్సికాలజీ అంటే విషాల శాస్త్రం. ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలియాలంటే కంపెనీ పాలన దాకా వెళ్లాలి.

1849లో మద్రాసులో, నమూనాల్లో విషం ఉందేమో పరీక్షించే కెమికల్ ఎగ్జామినర్ లేబొరేటరీ పెట్టారు. దేశంలో ఈ తరహా ల్యాబ్ అదే మొదటిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. పాషాణం (ఆర్సెనిక్) పెట్టి చంపడం, ఉమ్మెత్త గింజలు తినిపించి బాటసారులను దోచుకోవడం ఆ కాలపు కేసులు. సర్కారు అడిగింది కోర్టులో నిలిచే సాక్ష్యం. వైద్య కళాశాలల్లో పాఠమూ ఆ అవసరానికి తగ్గట్టే తయారైంది. తెల్లవాళ్లు పోయినా సిలబస్ పోలేదు.

అమెరికాలో కథ పిల్లల డాక్టర్లతో మొదలైంది. ఇంట్లో ఉన్న మాత్రలు, క్లీనింగ్ రసాయనాలు మింగిన పిల్లలకు ఏం చేయాలో చెప్పేందుకు 1953లో షికాగోలో తొలి పాయిజన్ సెంటర్ వచ్చింది. 1968లో క్లినికల్ టాక్సికాలజీ అకాడమీ, 1974లో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఏర్పడ్డాయి. 1992లో మెడికల్ టాక్సికాలజీకి సబ్‌స్పెషాలిటీ హోదా దక్కింది, 1994లో కొత్త పద్ధతిలో మొదటి పరీక్ష జరిగింది. ఎమర్జెన్సీ మెడిసిన్, పీడియాట్రిక్స్ లాంటి వాటిలో రెసిడెన్సీ (పీజీ శిక్షణ) ముగించాక రెండేళ్ల ఫెలోషిప్ చేయాలి. పాయిజన్ సెంటర్‌కు వచ్చే ఫోన్లకు సలహా చెప్పడం, వార్డులో రోగిని స్వయంగా చూడటం రెండూ అందులో భాగమే. ఆ రెండోదే అసలైన తేడా అని నా అభిప్రాయం.

మన దగ్గర ఈ లోటు భయంకరంగా బయటపడింది భోపాల్ గ్యాస్ దుర్ఘటనలో. 1984 డిసెంబర్ 2 రాత్రి హమీదియా ఆసుపత్రికి వేలమంది పరుగెత్తుకొచ్చారు. వచ్చిన గ్యాస్ ఏమిటో, దానికి విరుగుడు ఏమిటో డాక్టర్లకు తెలియదు. శవపరీక్షల్లో రక్తం చెర్రీ ఎరుపులో ఉండటం చూసి సైనైడ్ ప్రభావం ఉండొచ్చని, దానికి విరుగుడైన సోడియం థయోసల్ఫేట్ ఇవ్వాలని గట్టిగా చెప్పింది భోపాల్‌లోని గాంధీ మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ నిపుణుడు డాక్టర్ హీరేశ్ చంద్ర. చికిత్స గురించిన మాట మార్చురీ నుంచి రావాల్సి వచ్చింది! ఆ ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్న గొడవ చాలాకాలం నడిచింది, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ట్రయల్ కూడా చేసింది.

ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం 1995లో మొదలైంది. అది ఫార్మకాలజీ విభాగం కింద ఉంది. డాక్టర్లకు ఫోన్లో సలహా దొరికింది కానీ, జిల్లాల్లో రోగి పక్కన నిలబడే నిపుణులు దానివల్ల తయారు కాలేదు.

దాని ఫలితం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి లెక్కల్లో కనిపిస్తుంది. 1997 నుంచి 2002 దాకా పురుగుమందుల విషంతో అక్కడ చేరినవాళ్లు 8,000 మందికి పైనే. వందకు 22 మందికి పైగా చనిపోయారు. 2005లో వచ్చిన ఆ లెక్కల మీది అధ్యయనం పురుగుమందుల తీవ్రతతో పాటు చికిత్సనూ పరిశీలించింది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్‌ను రోగి ఊపిరితిత్తులు తేలికపడేదాకా చూసుకుంటూ పెంచాలి. చాలామందికి తక్కువ మోతాదు, అదీ అందరికీ ఒకే లెక్కన ఇచ్చారని తేలింది. కొందరికి ఆ విషానికి సంబంధం లేని విరుగుళ్లూ ఇచ్చారు. అంత రద్దీ వార్డులో హౌస్ సర్జన్లనూ పీజీలనూ తప్పుపట్టి లాభం లేదు, పక్కనుండి నేర్పే సీనియర్ టాక్సికాలజిస్ట్ అనేవాడు వాళ్లకు ఎన్నడూ లేడు.

2009లో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ఎండీ కోర్సుగా గుర్తించారు. పాయిజన్ కేసులు మొదటి గంటలోనే చేతికొచ్చే విభాగం కాబట్టి, టాక్సికాలజీపై ఆసక్తి ఉన్న కుర్ర డాక్టర్లకు దారి ఇటునుంచి తెరుచుకుంది.

2020 డిసెంబర్‌లో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు నమూనాలు ఢిల్లీ దాకా వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. అవి నీళ్లలోంచి వచ్చాయా, కూరగాయల్లోంచా, అసలు కారణం పురుగుమందులా అన్న వాదన ఆ తర్వాతా సాగింది. ఈలోపు స్థానిక డాక్టర్లు లక్షణాలను బట్టి వైద్యం చేసి, కోలుకున్నవాళ్లను కోలుకున్నట్టే ఇళ్లకు పంపుతూ వచ్చారు.