వెనక్కి తీసుకోలేని మెథడ్లు

జావా అనే ప్రోగ్రామింగ్ భాష తొలి రూపం 1996లో విడుదలైనప్పుడే దానితో పాటు స్టాక్ అనే క్లాసు కూడా వచ్చింది. క్లాసు అంటే ఒక రకం వస్తువు ఎలా ఉండాలో, ఏమేం చేయాలో చెప్పే కోడ్. స్టాక్ అంటే దొంతర. చివర పెట్టినదే ముందుగా చేతికి వస్తుంది. పైన పెట్టడానికి పుష్, పైనున్నది తీయడానికి పాప్ అనే మెథడ్లు, అంటే క్లాసు చేసే పనులు, ఉంటే దాదాపు పని జరిగిపోతుంది. అయితే దాన్ని వెక్టర్ అనే మరో క్లాసుకు వారసురాలిగా, అంటే దాని మెథడ్లన్నీ తనకూ వచ్చేలా రాశారు. వెక్టర్ మామూలు వరుస, అందులో ఏ స్థానంలోనైనా చొప్పించవచ్చు, మధ్యలోంచి తీసేయవచ్చు. ఆ మెథడ్లన్నీ స్టాక్‌కూ సంక్రమించాయి.

ఫలితం ఏమిటో ఒక్కసారి చేసి చూడండి. ఖాళీ స్టాక్‌లో ముందు "ఒకటి", తర్వాత "రెండు" అనే మాటలను పుష్ చేయండి. ఆపైన, వెక్టర్ నుంచి వచ్చిన ఇన్సర్ట్‌ఎలిమెంట్‌ఎట్ అనే మెథడ్‌తో సున్నా స్థానంలో, అంటే అన్నిటికంటే అడుగున, "మూడు" పెట్టండి. కోడ్‌ను సరిచూసి నడిచే రూపంలోకి మార్చే కంపైలర్ అభ్యంతరం చెప్పదు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడూ ఏ లోపమూ కనిపించదు. ఇప్పుడు వరుసగా పాప్ చేస్తే రెండు, ఒకటి, మూడు అని వస్తాయి. అందరికంటే చివర వచ్చిన "మూడు" అడుగున చేరి కూర్చుంది. దొంతరకు ఉన్న ఒకే ఒక్క నియమాన్ని ఆ క్లాసే కాపాడుకోలేకపోయింది.

వరుసను లోపల దాచుకుని వాడుకోవడం వేరు, "నేనే ఒక వరుసను" అని బయటికి ప్రకటించుకోవడం వేరు. మొదటిది చాలిన చోట రెండోది చేయడం వల్లే ఈ చిక్కు. నాలుగు లైన్ల కోడ్ మిగులుతుందని వారసత్వాన్ని వాడుకుంటే, తల్లి క్లాసు బయటపెట్టిన ప్రతి మెథడ్‌కూ పిల్ల క్లాసు జవాబుదారీ అవుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి వారసత్వాన్ని మొదటి పాఠాల్లోనే గొప్పగా చూపిస్తారు. దాన్ని చాలా ఆలస్యంగా, చాలా పొదుపుగా చూపించాలని నా అభిప్రాయం.

మరి ఆ మెథడ్లను తీసేయవచ్చు కదా? తీసేస్తే వాటిని నమ్ముకుని రాసిన పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి. అందుకే స్టాక్ ఇప్పటికీ అలాగే ఉంది. 2006లో జావా 6తో డెక్ అనే ఇంటర్‌ఫేస్, అంటే క్లాసులో ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం, వచ్చింది, దొంతర కావాలంటే దాన్నే వాడమని స్టాక్ అధికారిక వివరణే చెబుతుంది. నిజానికి డెక్ కూడా రెండు కొసలా తెరిచే ఉంటుంది. కచ్చితమైన దొంతరే కావలసిన చోట, డెక్‌ను అమలు చేసే అర్రేడెక్ అనే క్లాసును లోపల పెట్టుకుని మూడే మెథడ్లు బయటికి చూపే చిన్న క్లాసు రాసుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఇంటర్‌ఫేస్‌లకూ ఇలాంటి బరువే ఉంది, అదీ మరో వైపు నుంచి. క్లాసులో ఒక మెథడ్ తీసేస్తే దాన్ని పిలిచేవారు దెబ్బతింటారు. ఇంటర్‌ఫేస్‌లో ఒక మెథడ్ చేర్చినా సరే, దాన్ని అమలు చేస్తున్న క్లాసులు మళ్ళీ కంపైల్ కావు. జావాలో లిస్ట్ ఇంటర్‌ఫేస్ 1998 నాటిది. దానికి తనదైన సార్ట్ మెథడ్, అంటే అంశాలను క్రమంలో పేర్చేది, 2014లో, జావా 8లో గానీ రాలేదు. ఇంటర్‌ఫేస్‌లోనే కోడ్ రాసే డిఫాల్ట్ మెథడ్లు అప్పుడే భాషలోకి వచ్చాయి కాబట్టి పాత క్లాసులు చెక్కుచెదరలేదు.

అందుకే ఇంటర్‌ఫేస్ రాసేటప్పుడు "ఈ వస్తువు ఏమేం చేయగలదు?" అని కాక, "దీన్ని వాడేవారికి ఏం కావాలి?" అని అడగాలి. ఒక సభ్యత్వం గడువు ముగిసిందో లేదో చెప్పే క్లాసు రాస్తున్నామనుకుందాం. అది నేరుగా కంప్యూటర్ గడియారాన్నే చూసుకుంటే, పరీక్షించడానికి ఆ గడియారాన్ని తిప్పడం తప్ప దారి లేదు. సమయం చెప్పే వస్తువును బయటి నుంచి అందిస్తే ఆ బాధ తప్పుతుంది. జావా 8లో ఇందుకు క్లాక్ అనే క్లాసు ఉంది కానీ, అది టైమ్ జోన్‌ను కూడా వెంటబెట్టుకు వస్తుంది. మనకు అది అక్కర్లేదు. 2021లో జావా 17 ఇచ్చిన ఇన్‌స్టంట్‌సోర్స్ ఇంటర్‌ఫేస్‌లో తప్పనిసరిగా రాయవలసినది ఒకే మెథడ్, ప్రస్తుత క్షణాన్ని చెప్పేది. కాబట్టి పరీక్ష కోసం మనకు నచ్చిన క్షణాన్నే చెప్పే నకిలీ గడియారం ఒక్క లైనులో తయారవుతుంది. గడువుకు ఒక సెకను ముందు పెట్టి చూస్తాం, ఒక సెకను తర్వాత పెట్టి చూస్తాం. మూడోసారి సరిగ్గా గడువు క్షణాన్నే ఇచ్చినప్పుడు, సభ్యత్వం ఇంకా ఉన్నట్టా, ముగిసినట్టా అన్నది ఎవరూ నిర్ణయించలేదని అప్పుడు బయటపడుతుంది.