సెల్లార్ గోడ చెమ్మ: అపోహలు - వాస్తవాలు

వానలు ఆగి నెల దాటాక ఒక పెద్దాయన ఫోను చేశారు. "సెల్లార్ గోడ ఇంకా తడిగానే ఉందండీ. మంచి కెమికల్ వేయించాలి. చదరపు అడుగుకు ఎంత తీసుకుంటారు?" అన్నారు. నీరు ఎక్కడి నుంచి వస్తోందని అడిగాను. "గోడలోంచే" అన్నారు.

వాటర్‌ప్రూఫింగ్ పనిలో ఉన్నంత కాలంగా ఈ జవాబు వింటూనే ఉన్నాను. గోడలో నీరు పుట్టదు. ఎక్కడి నుంచో వచ్చి గోడ దాకా చేరుతుంది. అదెక్కడో తేల్చకుండా రేటు మాట్లాడుకోవడం వల్లే జనం ఎక్కువగా నష్టపోతున్నారు.

అపోహ: లోపలి వైపు గట్టి పూత వేయిస్తే లీకు ఆగిపోతుంది

ఆగదు. కొన్నాళ్లు కంటికి కనిపించదు, అంతే. గోడ వెనుక మట్టిలో నీరు ఒక మీటరు ఎత్తున నిలిచిందంటే, గోడ అడుగున చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను బరువుకు సమానమైన ఒత్తిడి పడుతుంది. కాగితమంత పలుచని పూత దానికి ఎన్నాళ్లు ఎదురు నిలుస్తుంది? నీళ్ల తొట్టికి లోపల వేసిన పూతను నీరే గోడకేసి అదిమి ఉంచుతుంది. సెల్లార్‌లో అదే నీరు వెనుక నుంచి పూతను నెట్టి ఊడదీస్తుంది. ముందు బుడగలు వస్తాయి, తర్వాత పెచ్చులు రాలతాయి, తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పు, నీరు మోసుకొచ్చి ఆరిపోతూ వదిలివెళ్లిన లవణం. నీరు ఏ దారిన వస్తోందో చెప్పే గుర్తు అది. దాన్ని గీకేసి రంగు వేయించుకుంటే ఉన్న ఆధారం కాస్తా పోతుంది.

కాంక్రీటు సన్న రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి స్ఫటికాలుగా గట్టిపడే రకం మందులు లోపలి నుంచి కూడా పనిచేస్తాయి. అయితే కాంక్రీటు గట్టిగా ఉండాలి, పాత రంగంతా తీసేయాలి. కదులుతున్న పగులుకు అవీ పనికిరావు.

చాలా ఇళ్లలో నేను చూసిన అసలు కారణం ఇంటి కప్పు మీద పడిన వాన. వంద చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5000 లీటర్ల నీరు దిగుతుంది. ఆ నీటి గొట్టం గోడ మొదట్లోనే ఆగిపోయి ఉంటే నీరంతా నేరుగా పునాది పక్కకే పోతుంది. కట్టేటప్పుడు తవ్వి మళ్లీ నింపిన మట్టి అక్కడ గుల్లగా ఉంటుంది, నీటిని ఇట్టే పీల్చుకుంటుంది.

ఒక టీచరమ్మ గారి ఇల్లు నేను మరిచిపోలేను. నాలుగేళ్లలో మూడుసార్లు పూత వేయించారు, ముగ్గురు వేర్వేరు కాంట్రాక్టర్లతో. నేను వెళ్లగానే, "మీరు ఏ కంపెనీది వేస్తారు?" అని అడిగారు. ఇంటి వెనక్కి తీసుకువెళ్లమన్నాను. పూలమొక్కల చాటున వాన గొట్టం మూల విరిగి ఉంది. గొట్టాన్ని గోడకు రెండు మీటర్ల దూరం జరిపాం. ఇంటి నుంచి బయటికి వాలు వచ్చేలా మట్టి నింపాం. మొదటి మూడు మీటర్లలో కనీసం 15 సెంటీమీటర్లు వాలాలి. మిగిలిన ఒక్క పగులులోకి పాలీయురేథేన్ అనే, పగులును నింపి మూసే మందు ఎక్కించాం. అంతటితో ఆగింది. ఆమె మాత్రం "నేనే చూసుకోవలసింది" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తల్లీ, తప్పు మీది కాదు. డబ్బు తీసుకున్న ముగ్గురిలో ఒక్కరూ ఇంటి వెనక్కి వెళ్లలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కాబట్టి వచ్చిన మనిషి రేటు చెప్పేలోపు ఏం చేశాడో గమనించండి. ఇంటి చుట్టూ తిరిగాడా? గొట్టాలు, సంపు, నేల వాలు చూశాడా? లీకు ఎప్పుడు వస్తుందని అడిగాడా? వాన మొదలైన కొన్ని గంటల్లోనే వస్తే అది సాధారణంగా పైనుంచి దిగే నీరు. వాన వెలిసిన చాలా రోజుల వరకు ఊరుతుంటే భూగర్భ జలాన్ని అనుమానించాలి. వానతో సంబంధమే లేకపోతే ముందు సంపు, పైపులు చూడాలి. టేపు పట్టుకుని లోపలి గోడ కొలిచి, అక్కడే లెక్క కట్టి చెప్పేవారిని మర్యాదగా పంపించేయండి.

కొటేషన్ రాతపూర్వకంగా ఉండాలి. ఏ పగులుకు, ఏ మందు, బయట తవ్వితే ఎంత లోతు, తిరిగి పూడ్చేది ఎవరు అన్నీ అందులో ఉండాలి. వారంటీ నీరు రాకపోవడానికా, పూత ఊడకపోవడానికా అన్నది తప్పక అడగండి. రెండో రకం వారంటీ కాగితంతో తడి గోడ ముందు నిలబడిన వాళ్లను ఎందరినో చూశాను. డబ్బులో కొంత ఒక వానాకాలం గడిచాక ఇచ్చేలా ముందే ఒప్పందం చేసుకోండి. ఇద్దరు కాంట్రాక్టర్లు రెండు రకాలుగా చెబితే, ఈ పని తాను చేపట్టని ఇంజినీరుకు ఫీజు ఇచ్చి చూపించండి.

మిగతా అపోహలు

తడి అంతా లీకే అనుకుంటారు. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. షీటు పైన చెమర్చితే అది గదిలోని గాలి తేమ. వెనుక తడిస్తే గోడలోంచి వస్తున్నది.

పగులు కనిపిస్తే ఇల్లు కూలిపోతుందని భయపడి నిద్ర మానుకునేవారు ఉన్నారు. కాంక్రీటులో నిలువుగా వచ్చే సన్న పగుళ్లు ఎక్కువగా అది ఆరేటప్పుడు కుంచించుకోవడం వల్ల వచ్చినవే. అడ్డంగా పగిలినా, గోడ లోపలికి ఉబ్బినా, పగులు వెడల్పవుతున్నా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఆ పని మా చేతుల్లోది కాదు.

సెల్లార్ లోపల కాలువ తీసి, ఆ నీరు చేరే గుంటలో పంపు పెట్టి బయటికి తోడడం మోసమని కొందరంటారు. భూగర్భ జలం పైకి వచ్చే చోట అది సరైన పద్ధతే. పంపుకు బ్యాటరీ ఉండాలి, గాలివానలోనే కదా కరెంటు పోయేది.

ఈరోజే అడ్వాన్సు ఇవ్వాలని ఎవరైనా తొందరపెడితే లొంగకండి. ఏళ్లుగా ఉన్న చెమ్మ ఇంకో వారం ఆగుతుంది. నీరు కరెంటు బోర్డు దాకా వస్తే మాత్రం తడిలో అడుగు పెట్టకండి, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఆ పెద్దాయనకు నేను రేటు చెప్పలేదు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు అంకె రాసుకుని, పొద్దున మళ్లీ చూడమన్నాను. తెల్లవారగానే ఫోను వచ్చింది. ఇంట్లో ఎవరూ చుక్క నీరు వాడలేదు, అయినా మీటరు తిరిగిందట. ప్లంబర్‌ను పిలవమని చెప్పాను.