కుప్పకూలిన బాస్కెట్‌బాల్ జట్టును మళ్లీ నిలబెట్టడం: అపోహలు - వాస్తవాలు

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్‌లు మనకు తెల్లవారకముందే మొదలై, పొద్దెక్కేదాకా సాగుతాయి. సాయంత్రానికి సికింద్రాబాద్ వైఎంసీఏలోనో, గచ్చిబౌలిలోనో ఆట ముగించుకుని కూర్చున్నవాళ్ల మధ్య ఆ ఉదయం ఓడిన జట్టు మీదే చర్చ. అభిమాన జట్టు రెండు మూడు సీజన్లు వరుసగా అడుగున ఉందంటే ప్రతి ఒక్కరి దగ్గరా ఓ ప్లాన్ ఉంటుంది. ఆ ప్లాన్లలో ఎవరిని తీసుకోవాలో, ఎవరిని పంపేయాలో బాగానే చెబుతారు. ఎవరి కాంట్రాక్టు ఏ ఏడాది ముగుస్తుంది, ఎవరి జీతం ఎప్పుడు పెరుగుతుంది అన్న లెక్క మాత్రం దాదాపు ఎవరూ వేయరు. జట్టును తిరిగి కట్టే పనిలో సగం ఆ లెక్కే.

అపోహ: ఈ సీజన్ మొత్తం ఓడిపోతే నంబర్ వన్ పిక్ మనదే.

పిక్ అంటే ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాడిని ఎంచుకునే వంతు. ముందు వంతులు ఏ జట్లవో లాటరీ తేలుస్తుంది. 2019కి ముందు అట్టడుగు జట్టుకు మొదటి పిక్ దక్కే అవకాశం 25 శాతం ఉండేది. 2019లో దాన్ని 14 శాతానికి తగ్గించి, కింది మూడు జట్లకూ సమానంగా ఇచ్చారు. నాలుగో జట్టుకు 12.5, ఐదో జట్టుకు 10.5. లాటరీలో 1 నుంచి 14 దాకా అంకెలున్న 14 బంతులు వేసి నాలుగు తీస్తారు. వరుసతో పని లేకుండా చూస్తే 1001 కలయికలు వస్తాయి. ఒకటి పక్కన పెట్టి మిగతా 1000 జట్లకు పంచుతారు. అట్టడుగు జట్టు వాటా 140.

అభిమానులు మరిచిపోయే సంగతి ఏమిటంటే, లాటరీ మొదటి నాలుగు స్థానాలకే. ఆ తర్వాతి పిక్‌లు ఎక్కువ ఓడినవాళ్ల వరుసలో పోతాయి. అందుకే అట్టడుగు జట్టు ఐదో స్థానం కంటే కిందికి జారదు, కానీ సరిగ్గా ఆ ఐదో స్థానానికే జారే అవకాశం 47.9 శాతం. 2023లో, 2024లో డెట్రాయిట్ పిస్టన్స్‌కు, 2025లో యూటా జాజ్‌కు జరిగింది ఇదే. మూడేళ్లూ లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు దక్కింది ఐదో పిక్. 2025లో 1.8 శాతం అవకాశమే ఉన్న డల్లాస్ మావరిక్స్ మొదటి పిక్‌తో కూపర్ ఫ్లాగ్‌ను ఎగరేసుకుపోయింది.

ఫిలడెల్ఫియా 2013-14లో 19, ఆ మరుసటి ఏడాది 18, ఆపై 10 మ్యాచ్‌లే గెలిచింది. జోయెల్ ఎంబీడ్, బెన్ సిమన్స్ దొరికారు. అయినా ఆ ఇద్దరితో ఒక్కసారి కూడా కాన్ఫరెన్స్ ఫైనల్ చేరలేదు. మరోవైపు నికోలా యోకిచ్ 41వ పిక్, జాలెన్ బ్రన్సన్ 33వ పిక్, యానిస్ ఆంటెటోకూన్‌పో 15వ పిక్. ఒక్క పిక్ మీద ఆశలన్నీ పెట్టుకునే జట్టు కంటే, చేతిలో ఎక్కువ పిక్‌లు ఉంచుకుని, ఆటగాళ్లను వెతికే స్కౌటింగ్ మీద ఖర్చు పెట్టే జట్టుకే మేం ఓటేస్తాం.

పిక్ దొరికిన రోజు నుంచే గడియారం తిరగడం మొదలవుతుంది. డ్రాఫ్ట్ మొదటి విడతలో (ఫస్ట్ రౌండ్) ఎంపికైన ఆటగాడి కాంట్రాక్టులో మొదటి రెండేళ్లు గ్యారంటీ. మూడు, నాలుగో ఏళ్లు జట్టు ఇష్టం, ఆ నిర్ణయం ఒక ఏడాది ముందే చెప్పాలి. మూడో సీజన్ అయ్యాక కొత్త కాంట్రాక్టు కుదుర్చుకోవచ్చు. కుర్రాడు నిజంగా స్టార్ అయితే ఐదో ఏట అతని జీతం శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి) పావు వంతుకు చేరుతుంది. అంటే తక్కువ జీతానికి ఎక్కువ ఆట దొరికేది నాలుగేళ్లే. మొదటి రెండేళ్లు నేర్చుకోవడానికి పోతాయి కాబట్టి, వాడుకోవడానికి నిజంగా మిగిలేది రెండేళ్లు.

అపోహ: కుర్రాళ్ల జట్టులో సీనియర్లు దండగ. వాళ్ల నిమిషాలూ కుర్రాళ్లకే ఇవ్వాలి.

మాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇది, ఎందుకంటే దీనివల్ల నష్టపోయేది ఆ కుర్రాళ్లే.

బంతి పట్టుకుని రింగ్ వైపు దూసుకెళ్లే గార్డును ఊహించండి. అతన్ని ఆపడానికి ప్రత్యర్థి జట్టులో మూలన కాపలా ఉన్న డిఫెండర్ పెయింట్‌లోకి (రింగ్ ముందున్న చోటు) జరుగుతాడు. ఆ మూలలో నిలబడ్డవాడు గురి ఉన్న షూటర్ అయితే డిఫెండర్ ఒక అడుగే జరగగలడు, మళ్లీ వెనక్కి పరుగెత్తాలి. గురి లేనివాడైతే నిశ్చింతగా రింగ్ కిందే నిలబడతాడు. అలాంటి గురి లేనివాళ్లు ఇద్దరు కోర్టులో ఉంటే గార్డుకు దారే ఉండదు. టర్నోవర్లు (బంతి చేజార్చుకోవడం) పెరుగుతాయి, షూటింగ్ శాతం పడిపోతుంది, డ్రైవ్ చేయడం రాదని పేరు పడుతుంది. కాంట్రాక్టు పొడిగించే సమయం వచ్చేసరికి అతని అసలు స్థాయి ఏమిటో జట్టుకే తెలియదు. కుర్రాడి తప్పెంత, పక్కవాళ్ల లోపమెంత అని విడదీయడానికి ఆధారం మిగలదు.

ఎన్‌బీఏ త్రీ పాయింట్ గీత ఎదురుగా 7.24 మీటర్లు, మూలల్లో 6.70 మీటర్లు. మన కోర్టుల్లో గీసేది అంతర్జాతీయ సమాఖ్య ఫిబా గీత, 6.75 మీటర్లు. ఆ అర మీటరు తేడా టీవీలో కనిపించదు గానీ, మన గీత దగ్గర బాగా వేసేవాడు కూడా ఆ దూరం నుంచి వేసి చూస్తే షూటర్ విలువ తెలుస్తుంది. లెక్క కూడా అదే చెబుతుంది. 36 శాతం గురితో వేసే త్రీకి సగటున 1.08 పాయింట్లు వస్తాయి, 45 శాతం గురితో వేసే మిడ్ రేంజ్ షాట్‌కు (గీత లోపలి నుంచి, రెండు పాయింట్లది) 0.90.

డెట్రాయిట్ సంగతే చూడండి. 2023-24లో 14 గెలుపులు, 68 ఓటములు. మధ్యలో వరుసగా 28 ఓడారు. 2024 వేసవిలో జట్టు నిర్మాణ బాధ్యతలకు ట్రేజన్ లాంగ్డన్ వచ్చి టోబయాస్ హారిస్‌ను రెండేళ్లకు, మాలిక్ బీస్లీని ఒక్క ఏడాదికి తీసుకున్నాడు. ఒక్క ఏడాదే కాంట్రాక్టు మిగిలిన టిమ్ హార్డవే జూనియర్‌ను డల్లాస్ నుంచి రప్పించి, క్వెంటిన్ గ్రైమ్స్‌ను ఇచ్చి, పైగా మూడు సెకండ్ రౌండ్ పిక్‌లు కూడా రాబట్టాడు. మరుసటి సీజన్‌లో 44 గెలుపులు. బీస్లీ ఒక్కడే 319 త్రీలు వేశాడు. దారి తెరుచుకున్న కేడ్ కనింగ్‌హామ్ సీజన్‌లో అత్యుత్తములతో ప్రకటించే ఆల్ ఎన్‌బీఏ జట్టులోకి ఎక్కాడు. కేడ్ మ్యాక్స్ (నిబంధనలు అనుమతించే గరిష్ఠ జీతం) కాంట్రాక్టు 2025-26లో మొదలైంది. బీస్లీ, హార్డవే కాంట్రాక్టులు 2025 వేసవిలోనే ముగిశాయి. ఒకరి జీతం పెరిగే సమయానికి ఇంకొకరి జీతం పుస్తకాల్లోంచి పోవడం, పని తెలిసినవాళ్లు చేసే ఏర్పాటు.

అపోహ: ముగ్గురు మామూలు ఆటగాళ్లను కలిపి ఇస్తే ఒక స్టార్ వస్తాడు.

మ్యాచ్‌లో జట్టుకున్నవి 240 ఆటగాడి నిమిషాలు (48 నిమిషాలు, ఐదుగురు). స్టార్‌ను ఇచ్చిన జట్టు ముగ్గురిని తీసుకుంటే వాళ్లకు నిమిషాలు వెతకాలి, 15 మంది పట్టికలో ఇద్దరిని వదులుకోవాలి. అందుకే అవతలి జట్టు అడిగేది కుర్రాళ్లను, పిక్‌లను.

జీతాల నిబంధన ఇంకా కఠినం. క్యాప్ పైన ఇంకో మూడు గీతలుంటాయి: ఒకటి దాటితే అదనపు పన్ను, ఏప్రన్ అనే మిగతా రెండూ దాటితే ఆటగాళ్ల మార్పిడి (ట్రేడ్) మీద ఆంక్షలు. 2025-26లో క్యాప్ 15.46 కోట్ల డాలర్లు, లగ్జరీ ట్యాక్స్ గీత 18.79 కోట్లు, మొదటి ఏప్రన్ 19.59 కోట్లు, రెండో ఏప్రన్ 20.78 కోట్లు. మొదటి ఏప్రన్ దాటిన జట్టు తాను పంపే జీతం కంటే ఒక్క డాలర్ ఎక్కువ తీసుకోకూడదు. రెండో ఏప్రన్ దాటితే ఇద్దరి జీతాలు కలిపి ఒకరికి సరిపెట్టడం కూడా కుదరదు. ట్రేడ్ రాసే ముందు రెండు జట్లూ ఏ గీత దగ్గరున్నాయో చూడకపోతే ఆ ప్లాన్ కాగితం మీదే ఆగిపోతుంది.

పిక్‌లు ఇచ్చేటప్పుడు తొందర ఎంత ముప్పో బ్రూక్లిన్ చూపించింది. 2013లో 37 ఏళ్ల కెవిన్ గార్నెట్, 35 ఏళ్ల పాల్ పియర్స్ కోసం 2014, 2016, 2018 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, 2017లో పిక్ మార్చుకునే హక్కు బోస్టన్‌కు రాసిచ్చింది. వాటితోనే బోస్టన్ జేలెన్ బ్రౌన్‌ను, జేసన్ టేటమ్‌ను తెచ్చుకుని 2024లో టైటిల్ కొట్టింది.

దీనికి సరిగ్గా ఎదురు ఓక్లహోమా సిటీ. 2019లో పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చి షే గిల్జస్ అలెగ్జాండర్, డానిలో గాలినారి, 5 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, పిక్ మార్చుకునే 2 స్వాప్ హక్కులు తీసుకుంది. వాటిలో ఒకటి 2022లో 12వ పిక్‌గా మారి జాలెన్ విలియమ్స్ వచ్చాడు. 2025లో టైటిల్ గెలిచిన సీజన్‌లో అతని జీతం 50 లక్షల డాలర్ల లోపే. విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్‌ల పెద్ద జీతాలు 2026-27లో మొదలయ్యేలా ఉంటే, 2024లో తీసుకున్న ఐజయా హార్టెన్‌స్టీన్ మూడేళ్ల కాంట్రాక్టులో సరిగ్గా ఆ ఏడాదినే టీమ్ ఆప్షన్‌గా (కొనసాగించాలో వద్దో జట్టు ఇష్టం) పెట్టుకుంది.

మీ జట్టుకు ఇలాగే చేసి చూడండి. ఒక షీట్‌లో ప్రతి ఆటగాడికీ ఒక వరుస: వయసు, మిగిలిన ఏళ్లు, ఏటేటా జీతం, ఆప్షన్ ఎవరి చేతిలో ఉంది. నమ్మకం ఉన్న ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల జీతం పెరిగే ఏడాది దగ్గర అడ్డంగా గీత గీయండి. ఆ గీత దాటి పోయే మిగతా కాంట్రాక్టులన్నిటినీ ఎర్రగా గుర్తుపెట్టండి. ముందు కదపాల్సింది వాటినే.

అపోహ: క్యాప్‌లో ఖాళీ ఉంటే స్టార్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

స్టార్లలో ఎక్కువమంది కాంట్రాక్టు ముగిసి ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుకైనా వెళ్లగలవాడు) అయ్యేదాకా ఆగకుండా ఉన్నచోటే పొడిగించుకుంటున్నారు. అడుగునున్న జట్టుకు ఖాళీ వల్ల అసలు లాభం వేరే ఉంది: ట్యాక్స్ భారంతో ఉన్న జట్టు వదిలించుకోవాలనుకునే కాంట్రాక్టును మోసి, దానికి రుసుముగా పిక్ తీసుకోవడం. మిగిలింది ఒకట్రెండేళ్లయితేనే ఒప్పుకోవాలి. ఎలాగూ క్యాప్‌లో 90 శాతం ఖర్చు చేయాల్సిందే కాబట్టి, ఆ డబ్బును మధ్యస్థాయి ఆటగాడికి నాలుగేళ్లు రాసివ్వడం కంటే ఇది నయం.

అపోహ: ఓడే జట్టులో 22 పాయింట్లు కొట్టేవాడే మన స్టార్.

20 షాట్లలో 8 వేశాడు, అందులో ఒకటి త్రీ, ఐదు ఫ్రీ త్రోలు. మొత్తం 22. త్రీకి అదనపు విలువ కలిపి చూస్తే షూటింగ్ 42.5 శాతం. 10 షాట్లలో 5 వేసి, వాటిలో మూడు త్రీలైన ఇంకొకడిది 65 శాతం. మొదటివాడి ధర ఆకాశంలో ఉన్నప్పుడే అమ్మేయాలి.

అపోహ: కోచ్‌ను మారిస్తే చాలు.

డిఫెన్స్ త్వరగా మారుతుంది. వెనక్కి పరుగెత్తడం, బాక్సవుట్ (రీబౌండ్ కోసం ప్రత్యర్థిని వెనక ఆపడం), పిక్ అండ్ రోల్‌కు (తోటివాడు డిఫెండర్‌కు అడ్డు నిలిచి రింగ్ వైపు కదిలే ఎత్తు) ఒకే పద్ధతి పాటించడం నెలలో నేర్పొచ్చు. షూటింగ్ ఏ కోచూ నెలలో నేర్పలేడు. డెట్రాయిట్‌లో కొత్త కోచ్ జేబీ బికర్‌స్టాఫ్ ఫలితం సాధించాడంటే అదే వేసవిలో షూటర్లు కూడా వచ్చారు.

అపోహ: ఇదే సూత్రం మన లీగ్ జట్లకూ పనిచేస్తుంది.

2025లో మన దేశపు లీగ్ ఐఎన్‌బీఎల్ ప్రో యూ25లో ఆడిన హైదరాబాద్ ఫాల్కన్స్ లాంటి జట్టుకు ఉండేది కొన్ని వారాల సీజన్. భవిష్యత్తు కోసం ఓడటానికి అక్కడ అర్థం లేదు. కలిసి సాధన చేసే రోజులు తక్కువ కాబట్టి నాలుగైదు సెట్ ప్లేలు (ముందే అనుకున్న ఎత్తులు), బేస్‌లైన్ ఇన్‌బౌండ్‌కు (రింగ్ వెనక గీత నుంచి బంతి లోపలికి వేయడం) రెండు, ప్రెస్‌ను (కోర్టంతా వెంటాడే డిఫెన్స్) దాటడానికి ఒకటి చాలు. అంతకు మించి పెడితే నాలుగో క్వార్టర్‌లో అలసిపోయిన ఆటగాళ్లు గందరగోళపడి బంతి పోగొడతారు. ఆ కొద్ది రోజుల సాధనలో మొదటి వాటా టర్నోవర్లు తగ్గించడానికి, రెండో వాటా డిఫెన్సివ్ రీబౌండ్లకు ఇవ్వాలి.