క్లాసులో లేని వయసు

చిరంజీవులకు,

పీహెచ్‌పీ కోడ్‌లో $మనిషి->వయసు అని ఉంది, క్లాసంతా గాలించినా ఆ ప్రాపర్టీ (విలువ దాచుకునే పేరు) కనబడలేదు, మరి ప్రోగ్రామ్ ఎలా నడుస్తోందని అడిగారు కదా. పేరుకు ముందు రెండు అండర్‌స్కోర్లున్న గెట్ మెథడ్ ఆ క్లాసులో ఉండి ఉంటుంది, చూడండి. అడిగిన ప్రాపర్టీ లేకపోయినా, ఉండి బయటికి అందకపోయినా పీహెచ్‌పీ ఆ పేరు పట్టుకుని గెట్ దగ్గరికి వెళ్తుంది. అది ఏ అరేలోంచో (విలువల పట్టికలోంచో) విలువ తీసి ఇస్తుంది. యంత్రానికి చిక్కు లేదు. చిక్కంతా చదివేవాళ్లకే. ఎడిటర్ కూడా మీలాగే తెల్లమొహం వేస్తుంది.

దీనికి నేనొకసారి చేసిన తెలివితక్కువ వైద్యం చెబుతాను. ఎడిటర్ పేరు అందిస్తుందని క్లాసులో "పబ్లిక్ $వయసు;" అని ఒక్క లైను చేర్చాను. ఎడిటర్ సంతోషించింది. వయసు మాత్రం ఆ క్షణం నుంచి నల్, అంటే ఖాళీ, అయి కూర్చుంది. ఎర్రర్ లేదు, హెచ్చరికా లేదు. అసలు ప్రాపర్టీయే ఎదురుగా ఉంటే గెట్‌ను పిలిచే పని పీహెచ్‌పీకి ఏముంది? ఇది తట్టడానికి ఒక పూట పట్టింది.

కాబట్టి కోడ్ ముట్టుకోకండి. క్లాసుకు సరిగ్గా పైనున్న డాక్‌బ్లాక్‌లో, అంటే కోడ్‌ను వివరించే కామెంట్‌లో, రాయండి:

/**
 * @ప్రాపర్టీ-రీడ్ ఇంట్ $వయసు నిండిన ఏళ్లు; పుట్టిన తేదీ నుంచి లెక్కకట్టినది
 */

(ట్యాగు, టైపు మీ ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి లెండి.) గెట్ మెథడ్ నెత్తిన రాస్తే లాభం లేదు. వయసును ఎవరూ మార్చకూడదు గనుక రీడ్ అన్నాను. చదవడానికీ రాయడానికీ పనికొచ్చేదైతే ఉత్త ప్రాపర్టీ, రాయడానికి మాత్రమే అయితే ప్రాపర్టీ-రైట్. ఎవరైనా వయసుకు విలువ ఇవ్వబోతే, కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే పీహెచ్‌పీస్టాన్ వంటి పరికరం పట్టుకుంటుంది. పీహెచ్‌పీకి మాత్రం అది ఉత్త కామెంటే. అందుకే గెట్‌లో పేరు మార్చిన రోజే పైన కూడా మార్చండి. లేకుంటే లేనిదాన్ని ఉందని ఎడిటర్ ఒట్టేసి చెబుతుంది.

2022లో వచ్చిన పీహెచ్‌పీ 8.2 నుంచి, ప్రకటించని ప్రాపర్టీని అప్పటికప్పుడు పుట్టిస్తే డెప్రికేటెడ్ (ఇక వాడొద్దు) అనే హెచ్చరిక వస్తుంది. విలువలను అరేలో దాచుకునే మీ క్లాసుకు ఆ బెడద లేదు.

ఇంకొకటి. ప్రాపర్టీకి విలువ ఉందా అని అడిగితే జవాబు చెప్పే ఇస్‌సెట్ అనే మరో అండర్‌స్కోర్ల మెథడ్ కూడా ఉందో లేదో చూడండి. అది లేకపోతే, వయసు 30 అని గెట్ చెబుతున్నా ఇస్‌సెట్‌తో అడిగినప్పుడు లేదనే జవాబు వస్తుంది. దానికి డాక్‌బ్లాక్ ఏమీ చేయలేదు, మెథడ్ రాయాల్సిందే. రాశాక నాకు పంపండి, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య