అపోహలు - వాస్తవాలు: “టీవీల చూపెట్టిన్రు కదా మేడం”

నేను సైన్స్ డాక్యుమెంటరీలకు తెలుగు వ్యాఖ్యానం రాస్తాను. ఆవలింత ఒకరిని చూసి ఇంకొకరికి ఎందుకు వస్తుంది, ఉల్లిగడ్డ కోస్తే కళ్లెందుకు మండుతాయి, వాన పడితే మట్టివాసన ఎక్కడిది... ఎక్కువగా ఇలాంటి ప్రశ్నల మీద అల్లిన ఎపిసోడ్లే. ఉండేది హన్మకొండలో. ఫిబ్రవరి 28 సైన్స్ డే వచ్చిందంటే చుట్టుపక్కల బళ్లకు పిలుస్తారు. పిల్లలతో పాటు తల్లిదండ్రులూ వస్తారు. ఏ ఊరికి వెళ్లినా “టీవీల చూపెట్టిన్రు కదా మేడం” అనే మాట వినకుండా తిరిగి రాను. ఆ మాట వెంట వచ్చే సంగతుల్లో చాలావాటితో ఎవరికీ నష్టం లేదు. ఒక్కటి మాత్రం ప్రాణాల మీదికి తెస్తోంది. ముందు దాని గురించే చెప్తాను.

అపోహ: పాము కరిస్తే ఆ పామును పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోవాలి. లేకపోతే ఏ మందు ఇవ్వాలో డాక్టరుకు తెలియదు.

వాస్తవం: అవసరం లేదు. మన దేశంలో పాముకాటుకు ఇచ్చే విషవిరుగుడు మందు ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ నాలుగింటి విషానికీ కలిపి గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు. కరిచింది వీటిలో ఏదైనా ఎక్కించేది అదే మందు. అలాంటప్పుడు పామును వెతకడానికి పోయిన ప్రతి నిమిషమూ మనిషి ఒంట్లో విషానికి దొరికిన నిమిషమే.

మరి ఈ నమ్మకం ఎక్కడిది? నా పనిలో రోజూ చూసేదే కాబట్టి చెప్పగలను. విదేశీ కార్యక్రమంలో ఒకాయన గడ్డిలోంచి పామును తోక పట్టి లేపుతాడు, సంచిలో వేస్తాడు, తర్వాతి షాట్‌లో ఆస్పత్రి కనిపిస్తుంది. మధ్యలో ఎన్ని గంటలు గడిచాయో తెర మీద ఉండదు. ఆ పామును చాలాసార్లు పాములు పట్టేవాళ్లే తెచ్చి, షూటింగ్ కోసం అక్కడ వదులుతారు. అంబులెన్స్, డాక్టరు పక్కనే సిద్ధంగా ఉంటారు. చూసేవాళ్లకు ఇవేవీ తెలియవు. తెలిసేదల్లా ‘పామును పట్టాడు, మనిషి బతికాడు’ అన్నదే.

నర్సంపేట వైపు ఒక ఊళ్లో బడి కార్యక్రమం అయిపోయాక ఒక యువకుడు వచ్చి, వాళ్ల అన్న సంగతి చెప్పాడు. వానాకాలం, పత్తి చేను. పొద్దుగూకే వేళ కాలి మడమ దగ్గర కరిచింది. ఇద్దరు తమ్ముళ్లు టార్చి పట్టుకుని గట్టంతా వెతికారు. పాము దొరికేసరికి చీకటి బాగా ముదిరింది. దాన్ని కొట్టి ఎరువుల బస్తాలో వేసుకుని, అన్నను బండి మీద కూర్చోబెట్టుకుని పోయారు. “డాక్టర్ సారు బస్తా దిక్కు చూడనే లేదు మేడం. ముందుగాల సీసల నెత్తురు పట్టిండు” అన్నాడు. అది రక్తపింజర. అన్న బతికాడు, కానీ కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ ఏడాది పత్తి డబ్బులు దానికే సరిపోలేదట. తప్పంతా తమదేనన్నట్టు ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. అన్న కోసం ప్రాణం పెట్టి వెతికినవాడిని ఏమనగలం? వాడికి సగం సంగతి మాత్రమే చేరింది. మిగతా సగం చేరవేయాల్సిన బాధ్యత మాలాంటివాళ్లది.

ఆ డాక్టరు నెత్తురు సీసాలో ఎందుకు పట్టాడో అందరికీ తెలియాలి. శుభ్రమైన, పొడి గాజు సీసాలో కొన్ని మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత మెల్లగా వంచి చూస్తారు. గడ్డకట్టి ఉంటే సరే. నీళ్లలా జారితే, రక్తం గడ్డకట్టే గుణాన్ని విషం దెబ్బతీసిందని అర్థం. అంటే పింజర జాతి పని. నాగుపాము, కట్లపాము అయితే కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, మాట ముద్దగా వస్తుంది. డాక్టరుకు కావలసిన సాక్ష్యం మనిషి ఒంట్లోనే ఉంది. బస్తాలో ఉన్నది ఇంకో ప్రమాదం. చచ్చిందనుకున్న పాము తల కూడా కాసేపటిదాకా కరవగలదు.

అందులోనూ కట్లపామును వెతికి లాభమే లేదు. అది కరిచేది ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు, తర్వాత రెప్పలు వాలతాయి. కింద పడుకున్న మనిషి అలా లేస్తే ‘తిన్నది పడలేదు’ అనుకుని వాము నమిలించి కూర్చోకండి. పడుకునేటప్పుడు దోమతెర అంచులు చాప కిందికి మడిచి పెట్టుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

దీనికి తోడబుట్టిన అపోహ ఇంకోటి: కరిచిన చోటుకు పైన గట్టిగా కట్టాలి. ఆస్ట్రేలియా డాక్యుమెంటరీల్లో కాలంతా సాగే బ్యాండేజీ చుట్టడం చూపిస్తారు. ఆ పద్ధతిని 1970ల చివర్లో అక్కడి పాముల కోసం అక్కడివాళ్లు రూపొందించారు. ఆస్ట్రేలియాలో పింజర జాతి అసలు లేదు. అక్కడ ప్రధానంగా ఉన్న విషసర్పాలు నాగుపాము కుటుంబానివి. మన చేలల్లో రక్తపింజర ఉంది. దాని విషాన్ని ఒకే చోట బిగించి ఉంచితే అక్కడి కండ కుళ్లిపోయే ప్రమాదం ఉంది. పైగా మనవాళ్ల చేతికి సాగే బ్యాండేజీ దొరకదు. దొరికేది చున్నీ, తాడు, సైకిల్ ట్యూబు. అవి రక్తం ఆడకుండా చేస్తాయి.

చేయాల్సింది ఇంతే. మనిషిని కదలనివ్వకండి, నడిపించకండి. కాలికి మెట్టెలు, పట్టీలు, చేతికి గాజులు, ఉంగరాలు ఉంటే వాపు రాకముందే తీసేయండి. కరిచిన కాలినో చేతినో ఒక కర్రకు వదులుగా కట్టి కదలకుండా ఉంచండి. కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు పోయవద్దు, మంత్రం వేసే ఇంటి దగ్గర ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు వేరే బండి దొరికితే, విషవిరుగుడు మందు ఉన్న దగ్గరి ఆస్పత్రికి పోవడమే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలని అంచనా, అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెలవాళ్లు. ఇంత నష్టం ఉన్న చోట ‘అంటున్నరు’, ‘ఫార్వర్డ్ వచ్చింది’ అనే మాటలు వింటే నాకు ఓపిక ఉండదు.

మిగతావి క్లుప్తంగా.

అపోహ: తెర మీద కనిపించిన పురుగు అంత భయంకరంగానే ఉంటుంది. దుప్పట్లలో, దిండ్లలో ఉండే సూక్ష్మమైన పురుగుల మీద ఎపిసోడ్ చూసి కరీంనగర్ నుంచి ఒక తల్లి నాకు ఫోన్ చేసింది. బాబుకు ఆయాసం ఉందట, ఇంట్లో దిండ్లన్నీ పారేయాలా అని అడిగింది. మూడు రాత్రులుగా నిద్ర లేదంది. అమ్మా, ఆ పురుగు పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అది కరవదు. మీరు చూసింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఎన్నో రెట్లు పెద్దది చేసి తీసిన బొమ్మ. అది నలుపు తెలుపులోనే వస్తుంది. ఆ ఎర్రటి, పచ్చటి రంగులు తర్వాత కంప్యూటర్లో వేసినవి. ఆయాసం ఉన్నవాళ్లకు దాని వల్ల అలర్జీ ఇబ్బంది ఉండొచ్చు. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, 60 డిగ్రీలకు తగ్గకుండా నానబెట్టి ఉతికి, ఎండలో ఆరేయండి. బాబుకు వాడే మందు మాత్రం ఆపవద్దు. ఇదే చెప్పాను. ఎపిసోడ్‌లో ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే ఆమెకు అంత టెన్షన్ ఉండేది కాదు.

అపోహ: స్లో మోషన్ అంతా గ్రాఫిక్సే. కాదు. సెకనుకు 1000 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, తీసే కెమెరాతో పట్టిన ఒక్క సెకనును, మామూలు 25 ఫ్రేముల వేగంతో చూపిస్తే 40 సెకన్లు నడుస్తుంది. నీటి బుడగ పగలడం అలాగే కనబడుతుంది.

అపోహ: డాక్యుమెంటరీ కాబట్టి అన్నీ ఉన్నవి ఉన్నట్టే. అదీ కాదు. 1958లో వచ్చిన ‘వైట్ వైల్డర్‌నెస్’ అనే చిత్రంలో లెమ్మింగులనే చిన్న జంతువులు గుంపుగా కొండ మీదినుంచి దూకి చస్తున్నట్టు చూపించారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. వాటిని షూటింగ్ కోసం తెచ్చి తోసేశారని 1980లలో కెనడా టీవీ బయటపెట్టింది. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాగని ‘అన్నీ అబద్ధాలే’ అని టీవీ కట్టేయడం కూడా తెలివి కాదు. ఆ మోసాన్ని బయటపెట్టిందీ ఇంకో టీవీ కార్యక్రమమే కదా.

అపోహ: రామప్ప గుడి ఇటుకలు నీళ్లలో తేలడం సైన్స్‌కు అంతుచిక్కని రహస్యం. పాలంపేటకు వెళ్లి కెమెరా పెట్టిన ప్రతివాళ్లూ ఈ మాట అంటారు, నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఇటుకల నిండా సన్నని రంధ్రాలు ఉన్నాయి, వాటిలో గాలి ఉంది. అందుకే ఇటుక సాంద్రత నీటికన్నా తక్కువ, అందుకే తేలుతుంది. గోపురం బరువు తగ్గించడానికి 13వ శతాబ్దపు కాకతీయుల కాలం పనివాళ్లు తెలిసి తెలిసి చేసిన పని అది. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ తేలిక ఇటుకల గురించి ప్రత్యేకంగా చెప్పింది. రహస్యం అంటే ఆ పనివాళ్ల తెలివిని తీసిపారేసినట్టే.

అపోహ: సైన్స్ డాక్యుమెంటరీలు చూస్తే పిల్లల చదువు పాడవుతుంది. ఎప్‌సెట్ (పాత పేరు ఎంసెట్) రాసే ఏడాదిలో కూడా వారానికి ఒక ఎపిసోడ్ చూడనివ్వండి. చూశాక వాళ్లు అడిగే ప్రశ్నకు ‘నోర్మూసుకో’ అనకండి.

ఏదైనా కార్యక్రమం చూసి అనుమానం వస్తే నన్ను అడగొచ్చు. అడిగేటప్పుడు కార్యక్రమం పేరు, అది ఏ దేశంలో తీసింది, ఏ ఏడాదిది - ఈ మూడూ రాయండి. ‘టీవీలో వచ్చింది’ అని మాత్రం రాస్తే నేను వెతికి చెప్పలేను. పాము కరిచినప్పుడు మాత్రం నాకు మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడకండి, 108కి చేయండి.