నలభై తొమ్మిది వేల లెక్క మీకెవరు చెప్పారు?

ఖమ్మం, 2025 నవంబర్

అమ్మలూ, చిన్నోడా,

మొన్న ఆదివారం మీరు హైదరాబాద్ చేరాక ఫోన్ చేసి ఇద్దరూ ఒకేసారి అడిగిన ప్రశ్నకు అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను, కానీ ఇంట్లో ఇంకా చుట్టాలున్నారు, నా మాట నాకే వినిపించలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. "మామయ్య దగ్గరున్న 12 లక్షలు రోజుకు 49 వేల చొప్పున బ్యాంకులో వేసేస్తే ఎవరూ ఏమీ అడగరట కదా అమ్మమ్మా" అన్నారు. 1980 నుంచి 2017 దాకా క్యాష్ కౌంటర్‌లో కూర్చున్న నాకు ఈ మాట కొత్త కాదు. చెప్పేవాళ్లు మంచికే చెబుతారు, విన్నవాళ్లు చిక్కుల్లో పడతారు. మన ఇంట్లో అలా జరగకూడదనే ఈ ఉత్తరం.

ముందు ఆ 50 వేల సంగతి చూద్దాం. 500 నోట్ల కట్ట ఒకటి తీసుకోండి, అందులో 100 నోట్లుంటాయి, సరిగ్గా 50 వేలు. ఒక రోజులో ఒక బ్యాంకులో 50 వేలకు మించి నగదు వేస్తే పాన్ నంబరు రాయాలన్నది 2025-26 నాటి నిబంధన. అంటే ఆ ఒక్క కట్ట వేస్తే అక్కర్లేదు, దాని మీద ఇంకొక్క నోటు పెడితే కావాలి. అంతే. పాన్ అడిగారంటే పన్ను కట్టమన్నట్టు కాదు. ఈ డబ్బు ఎవరిదో రాసిపెట్టుకుంటున్నారు, అంతవరకే. మామయ్యలా పాన్ లేని రైతులకు ఫారం 60 అని ఒక కాగితం ఇస్తారు. వ్యవసాయం మీద ఎంత వస్తుంది, మిగతావాటి మీద ఎంత వస్తుంది, ఆధార్ నంబరు ఎంత, ఇవి నింపి సంతకం పెడితే చాలు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలకు భయపడి నెల రోజులు బ్యాంకు చుట్టూ తిరగడం ఎందుకు చెప్పండి?

ఇక రోజుకు 49 వేలు వేస్తే ఏమవుతుందో విడమరిచి చెబుతాను, ఎందుకంటే మీకు ఆ సలహా ఇచ్చినవాళ్లకు కౌంటర్ అవతల ఏం జరుగుతుందో తెలియదు. క్యాషియర్ మరిచిపోయినా కంప్యూటర్ మరిచిపోదు. మన సేవింగ్స్ ఖాతాల్లో ఏప్రిల్ నుంచి మార్చి దాకా పడిన నగదంతా కూడుతుంది. అది 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆ వివరాన్ని మరుసటి మే 31 లోగా ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది (వ్యాపారుల కరెంటు ఖాతాకైతే ఆ గీత 50 లక్షలు). మీరు రిటర్ను వేయబోతే మీ వార్షిక సమాచార పట్టికలో అది కనిపిస్తూనే ఉంటుంది. 49 వేలు 25 సార్లు వేసినా కూడిక కూడికే కదా. ఇది కాక 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం (నల్లడబ్బును తెల్లగా మార్చడాన్ని అడ్డుకునే చట్టం) కింద ఇంకో లెక్క ఉంది. 10 లక్షలు దాటిన నగదు వ్యవహారాన్ని బ్యాంకు, అనుమానపు డబ్బు వ్యవహారాలు గమనించే ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు చెప్పాలి. విడిగా చిన్నవే అయినా ఒకదానితో ఒకటి ముడిపడి, ఒక నెలలో కలిపి 10 లక్షలు దాటితే వాటినీ చెప్పాలి. చూశారా, ముక్కలు చేస్తారని ఆ చట్టం నియమాలు రాసినవాళ్లకు ముందే తెలుసు.

అసలు ప్రమాదం వేరే ఉంది. సందేహాస్పదమైన వ్యవహారం అని బ్యాంకు ఆ యూనిట్‌కే పంపే ఒక నివేదిక ఉంటుంది, దానికి ఇంత మొత్తం అన్న కనీస హద్దే లేదు. రోజూ ఒకే ఖాతాలో, ఒకే వేళకు, 50 వేలకు కొంచెం తక్కువగా నగదు పడుతుంటే ఆ నివేదిక వెళ్లవచ్చు, వెళ్లినట్టు మనకు చెప్పకూడదని బ్యాంకు ఉద్యోగులకు ఆంక్ష కూడా ఉంది. సొమ్ము కష్టార్జితమే, ఒక్క పైసా పన్ను బాకీ లేదు, అయినా వేసిన తీరు వల్ల అనుమానం కొనితెచ్చుకున్నట్టవుతుంది. ఒక్కసారిగా తెచ్చి, పాన్ ఇచ్చో ఫారం 60 నింపో వేసినవాళ్ల గురించి మేం రెండోసారి ఆలోచించేవాళ్లం కాదు.

ఇప్పుడు మన 12 లక్షలకు వద్దాం. మీరిద్దరూ దాన్ని ఒకే మొత్తంగా చూస్తున్నారు, అక్కడే తికమక వచ్చింది. అందులో 7 లక్షల 40 వేలు మామయ్య మిర్చి సొమ్ము, 4 లక్షల 60 వేల చిల్లర మామయ్య కూతురు, మీ వదిన పెళ్లిలో చదివింపులు. రెండూ వేరు, రెండింటి యజమానులూ వేరు.

మిర్చి సంగతి చెబుతాను. మామయ్య కోల్డ్ స్టోరేజీలో పెట్టిన బస్తాలు ఐదు విడతలుగా అమ్మాడు, ఏ విడతలోనూ 2 లక్షలు చేతికి రాలేదు. తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ మంచి పనే చేశాడు. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషి దగ్గర ఒక రోజులో గానీ, ఒకే వ్యవహారం కింద గానీ, ఒకే సందర్భానికి గానీ 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంతా జరిమానాగా కట్టాలి, అదీ ఇచ్చినవాడు కాదు, పుచ్చుకున్నవాడు. రైతుకూ ఇదే వర్తిస్తుంది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు కాబట్టి ఏ నిబంధనా లేదనుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు, అది పొరపాటు. వచ్చే ఏడాది అడ్తిదారు (యార్డులో పంట అమ్మిపెట్టే కమిషన్ వ్యాపారి) "ఐదు లక్షలు ఒకేసారి నగదు తీసుకెళ్లు" అంటే ఖాతాలో వేయించమని మామయ్యకు మీరే చెప్పండి, మీ మాట వింటాడు. ఖాతాలో పడితే ఈ తిరుగుడంతా ఉండదు, మార్కెట్ యార్డు నుంచి నోట్ల సంచి పట్టుకుని బస్సెక్కే భయమూ ఉండదు. ఇప్పటి సొమ్ముకు మాత్రం ఐదు తక్‌పట్టీలు (యార్డులో ఇచ్చే అమ్మకపు చీటీలు), పట్టాదారు పాసు పుస్తకం నకలు, కోల్డ్ స్టోరేజీ రసీదులు ఒక కవరులో పెట్టించాను. బ్యాంకులో అడగకపోవచ్చు. రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే అప్పుడు వెతుక్కోకూడదు కదా.

చదివింపుల లెక్క ఇంకా ముఖ్యం, ఇది చాలామందికి తెలియదు. పెళ్లి సందర్భంగా పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ వచ్చిన కానుకల మీద పన్ను లేదు, ఎవరిచ్చినా సరే. కానీ ఆ మినహాయింపు వాళ్లిద్దరికే, తల్లిదండ్రులకు కాదు. మేనమామలు, మేనత్తలు, బాబాయిలు, పిన్నులు ఇచ్చింది ఎటూ చుట్టరికం కింద పోతుంది. స్నేహితులూ ఊరివాళ్లూ ఇచ్చినది మామయ్య ఖాతాలో పడి, అది ఏడాదిలో 50 వేలు దాటితే, అది మామయ్యకే వచ్చిన కానుకగా లెక్కేసి పన్ను శాఖ మొత్తం మీద పన్ను అడగవచ్చు. అందుకని ఆ డబ్బు వదిన పాన్‌తో వదిన ఖాతాలోనే పడాలి. ఎవరైనా ఒక్కరే 2 లక్షలు నగదుగా చదివించబోతే చెక్కు అడగాల్సిందే. పెళ్లంటే ఒకే సందర్భం, మూడు రోజులు మూడు విడతలుగా ఇచ్చినా కలిపే లెక్క. మనకు అంత ఇచ్చినవాళ్లు లేరులెండి. ఇలా ఎవరిది వాళ్ల ఖాతాలో వేస్తే ఏ ఒక్కటీ 10 లక్షల దగ్గరికి రాదు. మీరు టెన్షన్ పడినదంతా రెండు సొమ్ములు కలిపి చూడటం వల్లే.

ఆధారం చూపలేని డబ్బు సంగతేమిటని చిన్నోడు అడుగుతాడు, నాకు తెలుసు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో లెక్క చెప్పలేని నగదు మీద 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, ఆ మొత్తం మీద 4 శాతం సెస్సు, అన్నీ కలిపితే 78 శాతం. లక్షకు 22 వేలు మిగులుతాయి. జరిమానా పడితే అందులోనూ కోత. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, దానితో సెక్షన్ల నంబర్లన్నీ వేరు, అందుకే నేను నంబర్లు రాయలేదు. అప్పటికి ఈ హద్దులు కూడా ఓసారి సరిచూసుకోండి.

ఒక సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి, తొమ్మిదిన బ్యాంకులు మూశారు, పదిన తెరిచాం, ఆ శనివారం ఆదివారం కూడా పనిచేశాం. రోడ్డు దాకా క్యూ ఉండేది. ఆ రోజుల్లో మా బ్రాంచికి బట్టలు కుట్టుకునే ఒకామె వచ్చింది. ప్రతి నెలా రెండు మూడు వందలు వేసుకునే మనిషి 3 లక్షలు తెచ్చింది. ఆమె చేతిలో అంత డబ్బు ఎప్పుడూ చూడలేదు, ఇది ఎవరిదమ్మా అని అడగాలనిపించింది, కానీ వెనక క్యూ అరుస్తోంది. లెక్కపెట్టి చలానా మీద ముద్ర వేశాను. ఆ డబ్బు పక్కింటాయనది, పనయ్యాక 10 వేలు ఇస్తానన్నాడట. ఆ రెండు నెలల్లో సేవింగ్స్ ఖాతాలో రెండున్నర లక్షలు, ఆపైన వేసినవాళ్ల వివరాలన్నీ పన్ను శాఖకు వెళ్లాయి. నేను రిటైర్ అయ్యాక ఆమె ఒక నోటీసు పట్టుకుని ఇంటికి వచ్చింది. పక్కింటాయన నాకేం తెలియదన్నాడట. ఎక్కడా కాగితం లేదు, ఖాతా ఆమెది, సంతకం ఆమెది. ఆడిటర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆ రోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే చిన్నోడా, ఈ మాట నీకే. మీ కాలేజీలో ఎవరైనా "నా ఖాతాకు లిమిట్ అయిపోయింది, నీ దాంట్లో వేయించుకుంటా, రెండు వేలు నువ్వు ఉంచుకో" అంటే ఎంత దగ్గరి స్నేహితుడైనా ఒప్పుకోవద్దు. సైబర్ మోసగాళ్లు కొట్టేసిన డబ్బు ఇలాంటి పిల్లల ఖాతాల మీదుగానే దాటిస్తున్నారు. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరిదో వాళ్ల దగ్గరికి. ఏటీఎం కార్డు, సిమ్ కూడా అంతే, ఎవరికీ ఇవ్వొద్దు. తెలియని డబ్బు పడితే ఖర్చు పెట్టకుండా, ఎవరో ఫోన్ చేసి తిరిగి పంపమంటే పంపకుండా, వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పు. మోసం జరిగిందని తెలిస్తే 1930కి ఫోన్ చెయ్యి.

బ్యాంకులో నగదు వేస్తే పట్టుకునే చార్జీల గురించి అమ్మలు అడిగింది. ఇది బ్యాంకును బట్టి, ఖాతా రకాన్ని బట్టి మారుతుంది. పెద్ద ప్రైవేటు బ్యాంకుల్లో నెలకు మూడు నాలుగు సార్లు ఉచితం, తర్వాత ఒక్కోసారికి 150 రూపాయల దాకా ఉంటుంది. మొత్తానికీ హద్దు పెట్టి, నెలకు లక్ష దాటితే వెయ్యికి మూడున్నర, నాలుగున్నర రూపాయల లెక్కన తీసుకుంటారు. దాని మీద 18 శాతం జీఎస్టీ. 7 లక్షల 40 వేలు అలాంటి ఖాతాలో వేస్తే, లక్ష తీసేసి వెయ్యికి మూడున్నర చొప్పున 2,240, జీఎస్టీతో 2,643 రూపాయలు. ఎన్నిసార్లు వేశామన్నదీ ఎంత వేశామన్నదీ రెండూ చూస్తారు కాబట్టి ముక్కలు చేస్తే ఇక్కడా కలిసొచ్చేది లేదు. కొన్ని ప్రైవేటు బ్యాంకులు సెలవు రోజునో సాయంత్రం దాటాకో మెషిన్‌లో వేసినా 50 రూపాయలు పట్టుకుంటాయి. మామయ్యది జీరో బ్యాలెన్స్ ప్రాథమిక ఖాతా, కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు ఇవ్వడం) పూర్తయింది. అలాంటి ఖాతాలో ఎన్నిసార్లు ఎంత వేసినా రుసుము ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. కేవైసీ పూర్తికాని చిన్న ఖాతా అయితే ఏడాదికి లక్షకు మించి జమ కానివ్వరు, అది వేరే సంగతి. వదిన ఖాతా ప్రైవేటు బ్యాంకులో ఉంది కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి రేటు కనుక్కోమని చెప్పాను.

సోమవారం మామయ్య, వదిన ఇద్దరూ బ్యాంకుకు వెళ్తున్నారు. చలానా వెనక ఏ నోట్లు ఎన్నో రాసుకుని, మెషిన్ లెక్క పూర్తయ్యేదాకా కౌంటర్ దగ్గరే నిలబడమన్నాను. దొంగ నోటు వస్తే దాని మీద ముద్ర వేసి ఉంచేసుకుంటారు, డబ్బు రాదు, రసీదు మాత్రం అడిగి తీసుకోవాలి. నాలుగు దాకా అయితే భయపడక్కర్లేదు, ఐదు, ఆపైన ఉంటే పోలీసు కేసు దాకా వెళ్తుంది, అందుకే నిన్న రాత్రి చదివింపుల కవర్లన్నీ నేనే దీపం కింద పెట్టి చూశాను. దొంగ నోట్లేమీ లేవు. ఒక కవరులో 2 వేల నోటు కనిపించింది, అది ఇప్పుడు బ్యాంకులో తీసుకోరు, హైదరాబాద్ రిజర్వు బ్యాంకు ఆఫీసులో ఇవ్వాలి, మీరు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

చదివింపుల పుస్తకం రెండుసార్లు కూడి చూశాను. చేతిలో ఉన్న సొమ్ము కంటే పుస్తకంలో 116 తక్కువ వస్తోంది. 12వ పేజీ చివర ఒక పేరు రాసి ఎదురుగా ఖాళీ వదిలేశావు చిన్నోడా, పేరు కూడా సగమే ఉంది, అప్పుడే భోజనాలకు పిలిచినట్టున్నారు. ఎవరిదో గుర్తు చేసుకుని ఆదివారంలోగా ఫోన్ చెయ్యి, రాసి పెడతాను.

మీ అమ్మమ్మ